ప్యూరిన్లు తక్కువగల ఇంటి భోజనం: పప్పుల స్థానం

రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగినట్లు తెలియగానే పప్పు, పాలకూర మానివేయడం తరచుగా కనిపిస్తుంది. పప్పే ముఖ్యమైన మాంసకృత్తుల వనరుగా ఉన్న కుటుంబాలలో ఈ పథ్యం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ప్యూరిన్లు జీవకణాల కేంద్రకామ్లాలలో ఉండే నత్రజని పదార్థాలు. శరీరంలో ఇవి విచ్ఛిన్నమై యూరిక్ ఆమ్లంగా మారుతాయి. ఇందులో దాదాపు మూడింట రెండు వంతులు శరీర కణాల నుండి, మిగిలినది ఆహారం నుండి ఏర్పడుతుంది. రక్తంలో దీని గాఢత డెసిలీటరుకు సుమారు 6.8 మి.గ్రా. దాటినప్పుడు స్ఫటికాలు కీళ్లలో చేరి గౌట్ వ్యాధికి దారితీయవచ్చు.

ఆహారపదార్థాలను ప్యూరిన్ల పరంగా మూడు వర్గాలుగా గుర్తించవచ్చు.

అధికం: కార్జం, మూత్రపిండాలు, నెత్తళ్లు, కవళ్లు, ఎండు చేపలు.
మధ్యస్థం: మాంసం, కోడిమాంసం, ఇతర చేపలు, రొయ్యలు, పప్పుధాన్యాలు.
స్వల్పం: బియ్యం, పాలు, పెరుగు, గుడ్లు, పండ్లు, అధిక శాతం కూరగాయలు.

అయితే ప్యూరిన్ల పరిమాణం ఒక్కటే ప్రమాణం కాదు. అమెరికాలో ఆరోగ్యవృత్తులలో ఉన్న 47,150 మంది పురుషులను 12 సంవత్సరాలు పరిశీలించిన అధ్యయనం 2004లో వెలువడింది. మాంసం, సముద్ర చేపలు ఎక్కువగా తిన్నవారిలో గౌట్ ముప్పు పెరిగింది. ప్యూరిన్లు గల కూరగాయలతో ముప్పు పెరగలేదు. పాల ఉత్పత్తులు తీసుకున్నవారిలో తగ్గింది. ఒక పూట పప్పుకూరలో మనిషికి పడే పప్పు కూడా సుమారు 30 గ్రాములే.

దీని ఆధారంగా ఒక రోజు భోజనాన్ని ఇలా రూపొందించవచ్చు. ఉదయం ఇడ్లీ లేదా జొన్నరొట్టె. మధ్యాహ్నం అన్నం, ఆనపకాయ పప్పు, బీరకాయ కూర, పెరుగు. సాయంత్రం మజ్జిగ, జామపండు. రాత్రి రొట్టె, గుడ్డు కూర. మాంసం ఉడికించినప్పుడు ప్యూరిన్లలో కొంత భాగం నీటిలోకి దిగుతుంది. కాబట్టి మాంసం తినే రోజున పరిమాణం తగ్గించి, ఉడికించిన రసాన్ని వదలివేయాలి. బీరు తదితర మద్యాన్ని, చక్కెర కలిపిన శీతల పానీయాలను మానుకోవాలి. తగినంత నీరు త్రాగాలి.

ఆహార మార్పు మందులకు ప్రత్యామ్నాయం కాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పు, నీటి పరిమాణాలను వైద్యుని సలహా మేరకే నిర్ణయించుకోవాలి. మిగిలినవారికి విస్తరణ సిబ్బంది ముందుగా తగ్గించమని చెప్పవలసినవి కార్జం, ఎండు చేపలు, మద్యం, పప్పు కాదు.