కుక్క ప్రేమకు గల భాష

సాయంసమయమున పొలమునుండి మరలివచ్చు రైతునకు ఇంటిలోని వారందరికంటె ముందుగా ఎదురు వచ్చునది అతని కుక్క. బండి చప్పుడు వీధి మొగనుండగనే అది గుర్తుపట్టును. తోకతోపాటు నడుమంతయు ఊపుచు, చెవులు వెనుకకు వాల్చి, సన్నగా మూలుగుచు కాళ్లకు చుట్టుకొనును. ఈ దృశ్యము మన పల్లెలలో మిక్కిలి సామాన్యమగుటచేత దానిని నిలిచి చూచువారు అరుదు. అది ఏమి చెప్పుచున్నదో విచారించువారు మరింత అరుదు.

ఈ విషయమును పంచాయతీ సభ్యుల యెదుట పెట్టుటకు ఒక కారణము కలదు. గత సంవత్సరము మేము ప్రచార కార్యక్రమమునకై ఒక గ్రామమునకు వెళ్లినపుడు, సభ ఇంకను ప్రారంభము కాకముందే ఒక వృద్ధురాలు ఎనిమిదేండ్ల మనుమని చేయి పట్టుకొని వచ్చినది. ఇంటి కుక్కయే బాలుని ముంజేతిని కరచినదట. గాయముపై పసుపు, కారము అద్ది గుడ్డ కట్టియుండిరి. "మా కుక్కేనయ్యా! రోజూ వీడి మొహం నాకుద్ది. తోక ఊపుతానే కరిచింది" అని ఆమె వాపోయినది. ప్రక్కనున్న సర్పంచి గారు "అన్నిటినీ పట్టించి అడవిలో వదిలిపెట్టిస్తాను, పీడ పోతుంది" అనిరి. విచారింపగా తేలినదేమనగా, కుక్క తన పిల్లలకు పాలిచ్చుచుండగా బాలుడు వెనుకనుండి పోయి దాని మెడను రెండు చేతులతో కౌగిలించుకొనెను. కుక్క ముందు గుర్రుమన్నది, తల ప్రక్కకు త్రిప్పుకొన్నది, పెదవి పైకెత్తినది. బాలుడు దానిని ఎరుగడు. ఇంటివారు తోకను చూచిరి గాని తక్కిన కుక్కను చూడలేదు.

తోక ఊపుట యనగా సంతోషమే యని మనము చిన్ననాటనుండి నమ్ముదుము. నిజమునకు అది మనసునందలి ఉద్రేకమునకు గుర్తు. ఆ ఉద్రేకము ప్రేమ కావచ్చును, భయము కావచ్చును, కోపము కావచ్చును. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు 2007లో 30 కుక్కలను పరీక్షించి ఒక చిత్రమైన సంగతిని ప్రకటించిరి. యజమానిని చూచినపుడు కుక్క తోక తన కుడివైపునకు ఎక్కువగా ఊగును. పరిచయము లేని పెత్తనపు కుక్కను చూచినపుడు ఎడమవైపునకు ఎక్కువగా ఊగును. అయితే ఈ భేదమును వారు చలనచిత్రములు తీసి కొలిచి కనుగొనిరి. వీధిలో నిలిచి కుడియెడమలు లెక్కించుట మనకు సాధ్యము కాదు. మనకు ఉపయోగపడు గుర్తు మరియొకటి కలదు. ప్రేమతో ఊపు కుక్క ఒడలంతయు వదులుగా నుండును. తోక నడిమి ఎత్తున వెడల్పుగా ఊగును. నోరు కొద్దిగా తెరచియుండును. తోకను నిగిడించి పైకెత్తి కొన మాత్రము వడివడిగా కదలించుచు, ఒడలు బిగించి, కదలక చూచు కుక్కను సమీపింపరాదు. మొరిగెడు కుక్క కరవదన్న సామెతను కూడ పిల్లలకు నేర్పకుండుట మేలు. మొరిగి కరచునవియు కలవు, మొరగకయే కరచునవియు కలవు.

ఇక నాకుట. దీనిని మనము ముద్దుగా భావింతుము. దీని మూలము తల్లి ఒడిలో నున్నది. తోడేలు పిల్లలు వేటనుండి వచ్చిన తల్లి మూతిని నాకగా, అది తాను తిన్నదానిని కక్కి వాటికి పెట్టును. తోడేళ్ల సంతతియైన కుక్క పెద్దదైన తరువాత కూడ ఆ అలవాటును విడువక, తనను పోషించు మనుష్యుని ముఖమును వెదకికొనును. మన చెమటలోని ఉప్పు దానికి రుచించుటయు కొంత కారణమే. అయినను పొలమునుండి వచ్చిన యజమానిని నాకుటలో పలుకరింపు ఎక్కువ.

కుక్క చూపును గూర్చి జపానుదేశమున జరిగిన పరిశోధన మమ్ము మిక్కిలి ఆకర్షించినది. 2015లో అచటి అజాబు విశ్వవిద్యాలయమువారు కుక్కలను, వాటి యజమానులను అరగంటసేపు ఒక గదిలో నుంచి, ముందును తరువాతను ఇరువురి మూత్రమును పరీక్షించిరి. ఒకరి కన్నులలోనికి ఒకరు చాలసేపు చూచుకొనిన జంటలలో ఆక్సిటోసిన్ అను రసము ఇరువురియందును పెరిగినట్లు తేలినది. తల్లికిని చంటిబిడ్డకును మధ్య మమకారమును పెంచునది ఈ రసమే. మనుష్యులు పెంచిన తోడేళ్లయందు ఇట్టి ఫలితము కనబడలేదు. 2019లో మరికొందరు శాస్త్రజ్ఞులు కుక్క కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తు కండరము ఒకటి బాగుగ పెరిగియున్నదనియు, తోడేలునందు అది అట్లు లేదనియు చూపిరి. జాలిగా మొగము పెట్టి ముద్ద అడుగు కుక్కను కాదనలేకపోవుటకు కారణము మన బలహీనత యొక్కటియే కాదన్నమాట. కాని ఈ చూపు పరిచయస్థులకు మాత్రమే. క్రొత్త కుక్క కన్నులలోనికి గ్రుచ్చి చూచినచో అది దానిని కయ్యమునకు పిలుపుగా గ్రహించును.

కాలికి ఆనుకొని కూర్చుండుట, యజమాని మంచము క్రిందనే పరుండుట, అతని చెప్పునో తుండుగుడ్డనో తెచ్చి దానిపై తల పెట్టుకొని నిద్రించుట, ఇవన్నియు ఆ మమకారపు గుర్తులే. చెప్పులు కొరికినవని కోపించువారు, ఆ చెప్పులందు కుక్కకు ప్రియమైన వాసన యున్నదని తెలిసికొనినచో కొంత శాంతింతురేమో.

జపానుదేశపు హచికో కథను చాలమంది వినియుందురు. ఆచార్యుడైన దాని యజమాని 1925లో మరణించెను. హచికో 1935లో తాను చనిపోవువరకు షిబుయా రైలు స్టేషనునకు వచ్చి ఆయనకై ఎదురుచూచెను. అచటి వర్తకులు పెట్టు తిండికై వచ్చెడిదని కొందరందురు. అట్లు కొంత ఉండవచ్చును. మన దేశములోనే కొల్లేటి ప్రాంతపు జోనంగి కుక్కలను చూడుడు. బాతుల మందలను కాచుటకు వాటిని పెంచెడివారు. అవి సాధారణముగా ఒక్క మనుష్యుని మాత్రమే తమవానిగా ఎంచుకొనునని వాటిని పెంచినవారు చెప్పుదురు.

వీధికుక్కలకు ఇట్టి హృదయము లేదనుకొనరాదు. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థవారు 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, పరిచయము లేని వీధికుక్కలకు మాటిమాటికి ఆహారము పెట్టుటకంటె, మాటిమాటికి తల నిమురుటవలన అవి ఎక్కువగా నమ్మకము పెంచుకొన్నవి. అట్లని ప్రతి వీధికుక్కను నిమురబోవలదు. ఆ పని చేసినవారు శిక్షణ గలవారు.

ఇప్పుడు ఆ బాలుని సంగతికి వత్తము. అతనికి మోకాలియందు పాత పుండు ఒకటి కలదు. కుక్క దానిని గూడ నాకెడిదని వృద్ధురాలు చెప్పినపుడు మాకు కాటుకంటె అదియే ఎక్కువ భయము కలిగించినది. పిచ్చి పట్టిన కుక్క చొంగలో రోగబీజముండును. రోగలక్షణములు కనబడుటకు కొన్ని దినములు ముందునుండియే అది చొంగలోనికి వచ్చును. చర్మము చెక్కుచెదరకున్నచో నాకుటవలన ప్రమాదము లేదు. పుండుమీద గాని, కంటిలో, నోటిలో గాని ఆ చొంగ పడినచో దానిని తీవ్రమైన కాటుతో సమానముగా వైద్యులు పరిగణింతురు. మరియు పిచ్చికుక్క యనగా నురుగులు గ్రక్కుచు పరుగెత్తునది మాత్రమే కాదు. కొన్ని మూల చేరి మౌనముగా పడియుండును. కొన్ని మొదటి దినములలో ఎన్నడు లేనంత మచ్చికగా వచ్చి చేతులు నాకును. అకస్మాత్తుగా స్వభావము మారిన కుక్కను, అది ప్రేమగా మారినను సరే, పిల్లలకు దూరముగా నుంచవలెను. ఈ వ్యాధి లక్షణములు మనుష్యునియందు బయటపడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసంభవము. అంతకుముందే టీకా వేయించినచో నివారింపవచ్చును.

మేము ఆ కట్టును విప్పించి, పసుపు, కారము పోవునట్లు సబ్బుతో ధారగా పారు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగించితిమి. పిదప మా వాహనములోనే బాలుని ఆసుపత్రికి చేర్చితిమి. ఆ దినము, 3వ, 7వ, 28వ దినములయందు టీకా వేయించవలెననియు, గాయములో వేయు మందు వేరుగా కలదనియు డాక్టరు గారు చెప్పిరి. కుక్కను చంపవలదనియు, కట్టివేసి నీరు, అన్నము పెట్టుచు పది దినములు గమనింపుడనియు, టీకాలు మాత్రము అంతవరకు ఆపవలదనియు చెప్పిరి.

సర్పంచి గారి అడవి ప్రయాణమును గూర్చి ఆ రాత్రి చాలసేపు చర్చ జరిగినది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, పిచ్చికుక్క వ్యాధి టీకా చేయించుట స్థానిక సంస్థల బాధ్యత. పిదప వాటిని పట్టిన చోటనే విడువవలెను. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టేషనులు మొదలగు ప్రాంగణములలోని కుక్కలను ఆశ్రయస్థానములకు చేర్చవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు వేరుగా ఆదేశించినది. అడవిలో విడుచుటకు ఎచటను అనుమతి లేదు. అదియు గాక, ఊరిలో తిండి దొరకు చోటు ఖాళీయైనచో టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చి చేరును. ఈ మాట చెప్పగా సర్పంచి గారు కొంతసేపు మౌనము వహించి, "మన ఊళ్లో ఎన్ని కుక్కలున్నాయో ఎవరికైనా తెలుసా?" అని అడిగిరి. ఎవరికిని తెలియదు. మరునాటి ఉదయము ఇద్దరు వార్డు సభ్యులు వీధి వీధి తిరిగి లెక్క వ్రాసిరి. పశువైద్యుని పిలిపించి, మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకు టీకా వేయించుటకు తేదీ నిర్ణయించిరి.

నెల దినముల తరువాత మరల ఆ మార్గమున పోవుచు ఆ యింటికి వెళ్లితిమి. కుక్క కులాసాగా నున్నది. బాలుడు తన నాలుగవ టీకా గుర్తును మాకు చూపెను. వాకిట కుక్కపిల్లలు పాలు త్రాగుచున్నవి. వాడు వాటికి నాలుగు బారల దూరమున కూర్చుండి, "ఇది పాలిచ్చేటప్పుడు దగ్గరికి పోగూడదు సార్, గుర్రుమంటది" అని మాకే బోధించెను.