థాయ్ నేర్చుకుంటారా? వీసా కాదు, క్లాసు చూసి చేరండి!

ఉద్యోగం వచ్చి బ్యాంకాక్ వెళ్లినా, అక్కడ పనిచేసే భర్త లేదా భార్యతో కలిసి వెళ్లినా మొదటి నెల ఇంగ్లిష్‌తోనే గడిచిపోతుంది. అసలు ఇబ్బంది తర్వాతే మొదలవుతుంది. ఇంటి ఓనరుతో మాట్లాడాలన్నా, ఆఫీసులో సహోద్యోగుల కబుర్లలో కలవాలన్నా థాయ్ రావాల్సిందే. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేవారికైతే థాయ్‌లో ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. నేర్పే స్కూళ్లకు కొదవ లేదు. ఏది మనకు సరిపోతుందో తేల్చుకోవడమే కష్టం. తొందరపడితే డబ్బుతో పాటు ఏడాది కాలమూ పోతుంది.

ముందు వీసా సంగతి

వర్క్ పర్మిట్‌తోనో, డిపెండెంట్ వీసాతోనో ఇప్పటికే అక్కడ ఉంటున్నారా? అయితే మీకు స్కూలు ఇచ్చే వీసాతో పని లేదు. ‘వీసా ప్యాకేజీ’ ప్రకటనలు పక్కనపెట్టి, చదువు ఎలా ఉందో మాత్రమే చూడండి.

చదువు కోసమే అక్కడ ఉండాలనుకునేవారికి ‘నాన్ ఇమిగ్రెంట్ ఈడీ’ వీసా కావాలి. దీనికి స్కూలుకు థాయ్ విద్యాశాఖ గుర్తింపు ఉండాలి. భాషా స్కూళ్ల విద్యార్థులు సాధారణంగా 90 రోజులకోసారి ఇమిగ్రేషన్ ఆఫీసులో గడువు పొడిగించుకోవాలి. ప్రతిసారీ ఫీజు 1,900 బాత్‌లు. మధ్యలో ఇండియా వచ్చి వెళ్లాలంటే ముందుగానే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒక్కసారికి 1,000 బాత్‌లు. అది లేకుండా దేశం దాటితే ఆ అనుమతి రద్దయినట్టే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ చూసుకోండి.

ఈడీ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ‘క్లాసుకు రాకపోయినా హాజరు వేసేస్తాం’ అనే స్కూలు కనిపిస్తే అక్కడి నుంచి తప్పుకోండి. గడువు పొడిగించేటప్పుడు అధికారి థాయ్‌లో నాలుగు ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే. తేడా వస్తే పోయేది మీ వీసానే.

గంటల లెక్క వేయండి

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు వృత్తి అవసరాలకు సరిపడా థాయ్ నేర్చుకోవడానికి దాదాపు 44 వారాలు, 1,100 క్లాసు గంటలు పడతాయని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. ఆ సంస్థ మన తెలుగునీ అదే వర్గంలో పెట్టింది!

ఇప్పుడు స్కూలు టైంటేబుల్ తీయండి. వారానికి రెండు రోజులు, రోజుకు రెండు గంటలంటే ఏడాదికి సుమారు 200 గంటలే. ఆ లెక్కన 1,100 గంటలకు ఐదేళ్లు దాటుతుంది. వారానికి ఐదు రోజులు, రోజుకు మూడు గంటలైతే ఏడాదిన్నరలోపే పూర్తవుతుంది. బజారులో బేరమాడటానికి అంత అక్కర్లేదు, నిజమే. కానీ ‘ఏడాది కోర్సు’ అనే మాట చూసి మోసపోవద్దు. ఫీజును మొత్తం గంటలతో భాగించి, గంటకు ఎంత పడుతుందో చూసుకోండి.

ఎలా నేర్పుతారు?

ఇంటెన్సివ్ కోర్సులు: రోజూ క్లాసు, హోంవర్క్, పరీక్షలు ఉంటాయి. బ్యాంకాక్‌లో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం, చియాంగ్ మాయ్‌లో పాయప్ విశ్వవిద్యాలయం విదేశీయులకు థాయ్ నేర్పుతాయి. థాయ్ మీద ఆధారపడి కెరియర్ కట్టుకోవాలనుకునేవారికి ఈ దారి నయం.

వినడంతో మొదలయ్యేవి: పిల్లలు మాటలు నేర్చినట్టు ముందు వందల గంటలు వింటారు, తర్వాతే మాట్లాడతారు. భాషావేత్త జె.మార్విన్ బ్రౌన్ 1984లో బ్యాంకాక్‌లోని ఏయూఏ కేంద్రంలో ఈ పద్ధతి ప్రారంభించారు. ఉచ్చారణ బాగా కుదురుతుందని దీన్ని ఇష్టపడేవారు చెబుతారు. కానీ వచ్చే వారమే మాట్లాడాల్సిన అవసరం ఉన్నవారికి ఇది పనికిరాదు.

సంభాషణ క్లాసులు, ప్రైవేటు ట్యూషన్లు: ఆఫీసు వేళలకు అనుకూలం. అయితే సిలబస్ లేకపోతే ఆరు నెలలైనా పలకరింపుల దగ్గరే ఆగిపోతారు.

మనకున్న అనుకూలత

థాయ్‌లో కోడిని ‘కై’ అంటారు, గుడ్డును ‘ఖై’ అంటారు. రెండింటి టోన్ ఒకటే, తేడా అంతా ఒత్తులోనే. క, ఖ వేరని బళ్లోనే నేర్చుకున్న మనకు ఇది కొత్త కాదు. హ్రస్వం, దీర్ఘం సంగతీ అంతే. అక్షరమాల కూడా క, చ, ట, త, ప వర్గాల వరుసలోనే నడుస్తుంది. భాష ‘ఫాసా’గా, ఆహారం ‘ఆహాన్’గా, గురువు ‘ఖ్రూ’గా వినిపిస్తాయి.

మనకు లేనివి టోన్లు. థాయ్‌లో ఐదున్నాయి. ‘క్లై’ అని సమంగా పలికితే దూరం. గొంతు పై నుంచి కిందికి దించితే దగ్గర! అందుకే టోన్లను మొదటి రోజు నుంచే సరిదిద్దే టీచరు కావాలి. లిపి కూడా ఆలస్యం చేయొద్దు. రోమన్ అక్షరాల్లో ‘పీహెచ్’ చూసి ‘ఎఫ్’లా చదివితే తప్పు. అది ‘ఫలం’లోని ఒత్తు ప. పైగా 44 హల్లులు మూడు తరగతులుగా ఉంటాయి. టోన్ ఏదో తేల్చడంలో ఆ తరగతిదీ పాత్రే. లిపిని చివరికి నెట్టే స్కూలు మీ పని పెంచుతున్నట్టే.

డెమో క్లాసులో ఇవి చూడండి

* క్లాసులో ఎంతమంది ఉన్నారు? గంటలో మీకు ఎన్నిసార్లు మాట్లాడే అవకాశం వచ్చింది?
* టోన్ తప్పితే టీచరు ఆపి సరిదిద్దారా, నవ్వి ఊరుకున్నారా?
* మూడు నెలలు చదివినవారితో మాట్లాడండి. సొంతంగా వాక్యం చెప్పగలుగుతున్నారా?
* మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారు? నోటిమాట కాదు, కాగితం మీద అడగండి.
* ఏడాది ఫీజు ఒకేసారి కట్టకుండా, ఒక్కో లెవెల్‌కు కట్టే వీలుందా?

ఉద్యోగాల మాటేమిటి?

థాయ్ వస్తే టూరిస్ట్ గైడ్ కావచ్చనుకునేవారు ఉన్నారు. ఆ పని థాయ్ పౌరులకే పరిమితం. మన ప్రధాన అర్హతకు థాయ్ తోడైతేనే విలువ. సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, ఎగుమతులు, హోటల్ మేనేజ్‌మెంట్ ఏదైనా సరే, స్థానిక ఖాతాదారుతో నేరుగా మాట్లాడగలిగే ఉద్యోగిని సంస్థ తేలిగ్గా వదులుకోదు. రెజ్యూమెలో భాషాస్థాయి చూపాలంటే చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం నిర్వహించే సీయూ-టీఎఫ్‌ఎల్ పరీక్ష ఉంది. చేరబోయే స్కూలు ఆ స్థాయి వరకూ తీసుకెళ్తుందో లేదో ఫీజు కట్టే ముందే అడిగేయండి.