గీయుటయందలి సుఖము



చిత్రలేఖన మనగానే గోడకు తగిలించిన పటము మనస్సునకు వచ్చును. అది బాగుగ నున్నచో మెచ్చుకొందుము. లేనిచో కాగితము వ్యర్థమైన దందుము. కాని గీయువాని సుఖము పటము ముగిసిన పిదప వచ్చునది కాదు, గీయుచున్నంతసేపు కలుగునది. ఇందులకు నిదర్శనము మన వాకిళ్లలోనే యున్నది.

ముగ్గును చూడుడు. తెల్లవాఱకముందే కల్లాపి చల్లి గృహిణి చుక్కలు పెట్టును. నడుమ వరుసలో 7, ఇరువైపుల 5, 3, 1 చొప్పున తగ్గించిన మొత్తము 25 చుక్కలు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి పిండి సన్నని ధారగా జాఱుచుండును. మెలికల ముగ్గయినచో గీత చుక్కలను తాకక, వాని చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే చేరవలెను. ఒక్క మలుపు తప్పిన నల్లిక చెడును. కావున నామె చూపును వ్రేళ్లును ఒక్కచోట నిలుచును. ఇంటి చింతలు ఆ కొంతసేపు దరిచేరవు.

ప్రొద్దెక్కుసరికి దానిమీద బండ్లు నడచును, పిల్లలు త్రొక్కుదురు, బియ్యపుపిండి యయినచో చీమలు మోసికొనిపోవును. ఆమె విచారింపక మఱునాడు మఱియొకటి పెట్టును. ఇది నిత్యకృత్యమే యందురేమో. అట్లయిన ధనుర్మాసమున వీథి నిండ, అక్కఱకు మించి పెట్టుట యెందులకు? పెట్టుటయందే సుఖ మున్నది గనుక.

1974లో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ అను గణితవేత్తలు తమిళుల ముగ్గుల కూర్పునకు గణితరీతిని వ్యాకరణము కల్పించి వ్యాసము ప్రకటించిరి. అట్టి నియమములను యంత్రమునకు నేర్పవచ్చును. వాకిట వంగి గీత నడిపిన చేతి సుఖమును నేర్పరాదు.

విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము నృత్తమెఱుగనివానికి చిత్ర మెఱుగుట కష్టమని చెప్పుచున్నది. నృత్తము ఆడుచున్నంతసేపే యుండును. గీయుటయు చేతి నృత్తమే యనియు, గీత దాని యడుగుజాడ యనియు నాకు తోచుచున్నది.

బడిలో నేను తఱచుగ చూచినది చెప్పెదను. ఐదేండ్ల బిడ్డ బొగ్గు దొరకిన గోడయెల్ల బొమ్మలతో నింపును. పెద్దలు "ఇది యెద్దా, గాడిదా?" యని నవ్వుదురు. పదియవయేడు వచ్చుసరికి ఆ బిడ్డయే "నాకు బొమ్మలు రావండీ" యని బలపము క్రింద పెట్టును. వానికి రానిది బొమ్మ కాదు. మన నవ్వువలన పోయినది వాని సంతోషము. కావున బిడ్డ బొమ్మ చూపినపుడు "ఏమిటిది?" యనక, "ఎట్లు గీచితివి, నాయనా?" యని యడుగుడు. వాడు చెప్పుచు మరల గీయును.

మనకును ఇది కాలము మించినది కాదు. చేయి వణకినను బాధలేదు. అరుగుపై కూర్చుండి వేపరెమ్మ నొకదానిని ఎదుట పెట్టుకొని పలకమీద గీయుడు. ఆకు అంచు రంపపుపండ్లవలె నుండుటయు, మొదట ఈనెకు రెండువైపుల సమముగ నుండకపోవుటయు నప్పుడు కంటబడును. అఱువదియేండ్లు ఆ చెట్టునీడ కూర్చున్నవారు సైతము దీనిని గమనించి యుండకపోవచ్చును. రెమ్మ ముగిసినను ముగియకున్నను సరియే. పిదప పలక తుడిచి మనుమని చేతికిండు.