పవర్డ్ పారాగ్లైడింగ్

పవర్డ్ పారాగ్లైడింగ్ లేదా పారామోటారింగ్ అనేది వీపుకు చిన్న ఇంజను తగిలించుకొని, గుడ్డతో చేసిన రెక్కను గాలితో నింపి తలపైకి లేపి, కాళ్ళతో పరుగెత్తి ఆకాశంలోకి ఎగిరే ఒక గగన క్రీడ. మామూలు పారాగ్లైడింగుకు కొండవాలు గానీ, రెక్కను పైకి లాగే తాడు గానీ అవసరం. ఇందులో ఇంజను తోపు ఉంటుంది కనుక చదునైన మైదానం నుండి కూడా ఎగరవచ్చు. సాధారణ వేగం గంటకు 30 నుండి 60 కి.మీ. వరకు ఉంటుంది.

గాలిలో ఇంజను ఆగిపోయినా రెక్క పనిచేస్తూనే ఉంటుంది. అది మామూలు పారాగ్లైడరు వలె జారుతూ మెల్లగా క్రిందికి దిగుతుంది. అయితే దిగడానికి తగిన చోటు అందుబాటులో ఉండాలి. ఇంజను ఏ క్షణంలోనైనా ఆగవచ్చుననే భావనతోనే పరికరాలను, స్థలాన్ని ఎంచుకోవడం ఈ క్రీడలో మూలసూత్రం.

చరిత్ర

"పారామోటార్" అనే పదాన్ని 1980లో ఇంగ్లాండుకు చెందిన మైక్ బర్న్ మొదట ఉపయోగించాడు. 1986 ప్రాంతంలో ఫ్రాన్సులోని లా మూయెట్ సంస్థ అప్పటికి కొత్తవైన పారాగ్లైడరు రెక్కలకు ఇంజన్లను జతచేయడంతో ఈ పదం ప్రచారంలోకి వచ్చింది.

పరికరాల ఎంపిక

రెక్క

రెక్కలో గట్టి చట్రం ఏదీ ఉండదు. ముందు అంచున ఉన్న రంధ్రాల గుండా గాలి లోపలికి వెళ్ళి దానికి ఆకారాన్ని ఇస్తుంది. ఎన్నుకొనేటప్పుడు ముందుగా చూడవలసినది బరువు. ప్రతి రెక్కకూ తయారీదారు కనిష్ఠ, గరిష్ఠ బరువులను నిర్ణయిస్తాడు. ఇది మనిషి బరువు మాత్రమే కాదు, నేల విడిచే మొత్తం బరువు. ఉదాహరణకు:

* మనిషి - 70 కి.గ్రా.
* ఇంజను, చట్రం, హార్నెస్ - 28 కి.గ్రా.
* 10 లీటర్ల పెట్రోలు - సుమారు 7.5 కి.గ్రా.
* రెక్క - 5.5 కి.గ్రా.
* రిజర్వు పారాచ్యూట్, హెల్మెట్, బూట్లు మొదలైనవి - 4 కి.గ్రా.

మొత్తం 115 కి.గ్రా. అవుతుంది. 70 కిలోల మనిషికి సరిపోతుందని మామూలు పారాగ్లైడరును కొంటే దాని పరిమితి దాటిపోయే ప్రమాదం ఉంది. బరువు ఎక్కువైతే రెక్క వేగం, చురుకుదనం పెరుగుతాయి. నేల విడవడానికి, దిగడానికి ఎక్కువ వేగంగా పరుగెత్తవలసి వస్తుంది. బరువు మరీ తక్కువైతే కుదుపుల గాలిలో రెక్క ముడుచుకుపోయే అవకాశం పెరుగుతుంది.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 926 ప్రకారం రెక్కలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజిస్తారు. ముడుచుకున్నా తనంతట తాను సులభంగా తెరుచుకొనేవి ఎ తరగతికి చెందుతాయి. కొత్తవారికి ఇవే తగినవి. "రిఫ్లెక్స్" రెక్కలు అధిక వేగంలో స్థిరంగా ఉంటాయి, కానీ వాటిలో బ్రేకులు వాడే పద్ధతి వేరు. కనుక శిక్షణ లేకుండా వాటిని వాడరాదు. పాత రెక్కను కొనే ముందు గుడ్డ గాలిని ఎంతవరకు ఆపుతున్నదో, తాళ్ళు సాగినవో లేదో పరీక్ష చేయించాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల గుడ్డ క్రమంగా బలహీనపడుతుంది.

ఇంజను

ఎక్కువగా 80 నుండి 250 సీసీ వరకు ఉండే రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్లను వాడతారు. పెట్రోలులో తయారీదారు చెప్పిన పాళ్ళలో నూనె కలపాలి. నూనె తక్కువైతే పిస్టను బిగుసుకుపోయి ఇంజను ఆగిపోతుంది.

పెద్ద ఇంజను ఎప్పుడూ మేలు కాదు. బరువు పెరిగిన కొద్దీ పరుగెత్తడం కష్టమౌతుంది. అంతేగాక ప్రొపెల్లరు ఒక దిశలో తిరిగితే ఇంజను, మనిషి దానికి వ్యతిరేక దిశలో మెలిపడతారు. చిన్న రెక్క క్రింద పెద్ద ఇంజనును ఒక్కసారిగా పూర్తి వేగానికి తెస్తే ఈ మెలి ప్రమాదకరమౌతుంది. మనిషి బరువుకు, ఎగిరే ప్రదేశపు ఎత్తుకు సరిపడినంత తోపు ఉంటే చాలు. ఎత్తైన ప్రదేశాలలోను, బాగా వేడిగా ఉన్న రోజులలోను గాలి పలుచబడుతుంది. అప్పుడు ఇంజను శక్తి తగ్గుతుంది, నేల విడవడానికి ఎక్కువ దూరం పరుగెత్తవలసి వస్తుంది.

ప్రొపెల్లరు చుట్టూ ఉండే రక్షణ చట్రం దృఢంగా ఉండాలి. నేల మీద ఇంజను స్టార్టు చేసేటప్పుడు చేయి ప్రొపెల్లరుకు తగిలి తీవ్ర గాయాలు కావడం ఈ క్రీడలో తరచుగా జరిగే ప్రమాదాలలో ఒకటి. నీటిపై ఎగిరేవారు ఇంజనుకు గాలితో ఉబ్బే తేలుడు సంచులను అమర్చుకోవాలి. వీపుకు ఇంజను కట్టుకొని ఉన్న మనిషికి ఈత వచ్చినా నీటిలో పడితే ప్రయోజనం ఉండదు.

స్థలం ఎంపిక

మంచి స్థలానికి ఉండవలసిన లక్షణాలు:

* గాలికి ఎదురుగా పరుగెత్తడానికి చదునైన, గుంతలు లేని నేల. కోత తరువాత ఎండిన పొలం పనికివస్తుంది గానీ గట్లు, మోళ్ళు ఉన్నవేమో ముందుగా నడిచి చూడాలి.
* ఎగిరే దిశలో కరెంటు తీగలు లేకపోవడం. పైనుండి తీగలు కనిపించవు. స్తంభాల వరుసను బట్టి గుర్తించాలి.
* గాలి వచ్చే వైపు చెట్లు, భవనాలు, గుట్టలు దగ్గరగా లేకపోవడం. వాటిని దాటిన గాలి సుడులు తిరుగుతూ చాలా దూరం వరకు అల్లకల్లోలంగా ఉంటుంది.
* దారి పొడవునా దిగదగిన ఖాళీ స్థలాలు ఉండడం.

ఇంజను ఆగిన తరువాత సుమారు ఆరు మీటర్లు ముందుకు సాగే లోపు రెక్క ఒక మీటరు దిగుతుందనుకుంటే, నిశ్చలమైన గాలిలో 100 మీటర్ల ఎత్తు నుండి 600 మీటర్ల దూరం చేరవచ్చు. ఎదురుగాలిలో ఇది ఇంకా తగ్గుతుంది. కాబట్టి దట్టమైన కొబ్బరి తోటలు, చెరువులు, ఊళ్ళ మీదుగా తక్కువ ఎత్తులో ఎగరరాదు.

వేళ

సూర్యోదయం తరువాతి రెండు మూడు గంటలు, సూర్యాస్తమయానికి ముందు గంటలు అనుకూలమైనవి. మధ్యాహ్నం వేడెక్కిన నేల నుండి పైకి లేచే గాలి ధారలు రెక్కను కుదుపుతాయి. తెలుగు ప్రాంతాలలో మార్చి నుండి మే వరకు ఈ ధారలు బలంగా ఉంటాయి. సాయంత్రం ఉరుములతో కూడిన మేఘం దూరాన ఉన్నా, దాని నుండి వీచే ఈదురుగాలి ముందుగానే చేరవచ్చు.

కోస్తాలో పగటిపూట సముద్రం నుండి వచ్చే గాలి నిలకడగా ఉంటుంది. తెల్లవారుజామున మాత్రం నేల నుండి సముద్రం వైపు వీచవచ్చు. 40 కి.మీ. వేగం గల రెక్క 25 కి.మీ. ఎదురుగాలిలో గంటకు 15 కి.మీ. మాత్రమే ముందుకు సాగుతుంది. ఇంజను ఆగితే ఒడ్డు చేరడం కష్టం.

నియమాలు

అమెరికాలో 1982 నుండి అమలులో ఉన్న 103వ భాగపు నియమాల ప్రకారం 115 కిలోల లోపు ఖాళీ బరువు గల ఒంటరి వాహనాలకు లైసెన్సు అవసరం లేదు. అయితే జనసమ్మర్దం గల చోట్ల మీదుగా ఎగరరాదు.

భారతదేశంలో 2022లో ప్రకటించిన జాతీయ గగన క్రీడల విధానంలో పారాగ్లైడింగు, పారామోటారింగు చేర్చబడ్డాయి. ఈ విధానం గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా గుర్తిస్తుంది. ఎరుపు మండలానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి, పసుపు మండలానికి ఆ ప్రాంతపు వైమానిక నియంత్రణ కేంద్రం అనుమతి కావాలి. నేల ఎంత అనుకూలంగా ఉన్నా దుండిగల్ వంటి వైమానికదళ స్థావరాల, విమానాశ్రయాల పరిసరాలను ముందుగానే మినహాయించి స్థలాన్ని వెతకాలి.