పొగకు లెక్క యెవరిది?

మొయినాబాదు మండలములోని సురంగల్ గ్రామమున చమురుబావి లేదు. కాని యీ ప్రాంతపు రైతు తన కూరగాయలను తెల్లవాఱకమునుపే హైదరాబాదు చేర్పవలెనన్న డీజిలు లేక బండి కదలదు. విశాఖపట్టణమున శుద్ధియైన యింధనము విజయవాడమీదుగా భూగర్భపు గొట్టములవెంట సికింద్రాబాదు పరిసరములకు వచ్చుచున్నది. ఆ కర్మాగారమునకు యజమానియైన హిందూస్థాన్ పెట్రోలియం సంస్థ 2018 నుండి ఓ.ఎన్.జి.సి. అధీనమున నున్నది. కావున ఓ.ఎన్.జి.సి. త్రోవ మార్చుకొనుట మన పల్లెలకు పరాయివార్త కాదు.

1956లో ప్రజాధనముతో వెలసిన యీ సంస్థ స్వదేశపు నేలలో చమురు వెదకి చూపినది. ఆ సేవను మఱువరాదు. ఇప్పుడది 2038 నాటికి తన కర్బనవాయువులను నికరముగ శూన్యము చేయుదునని ప్రకటించినది. హరితశక్తికై 2024లో ప్రత్యేకముగ నొక యనుబంధసంస్థను నెలకొల్పినది. 2025లో ఎన్.టి.పి.సి. పక్షముతో గూడి అయానా యను సౌర, పవన విద్యుత్సంస్థను కొనినది. ఇవి హర్షింపదగిన పనులే.

అయితే, ఆ 2024 జనవరిలోనే కాకినాడకు ఎదుటి బంగాళాఖాతపు లోతునీళ్లనుండి క్రొత్తగా చమురు తీయ నారంభించినది. దీనిని మేము తప్పుపట్టము. దేశమునకు వలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచుండగా, ఉన్న నిధిని విడువుమనుట సులభము కాదు. లోపము త్రవ్వకములో లేదు, లెక్కలో నున్నది. 2038 ప్రతిజ్ఞ సంస్థ బావులయందును, యంత్రములయందును, అది కొనెడు విద్యుత్తునందును పుట్టు వాయువులకే వర్తించును. అమ్మిన చమురు రైతుబండిలో మండి వెడలించు పొగ యందు చేరదు. చమురువలన గలుగు పొగలో పెద్దపాలు అదియే కదా! తూము నొకదానిని మూసి, గండిని విడిచినచో చెఱువు నిలుచునా?

ఇంకొక ఋణము గూడ కలదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావి యంటుకొని 65 దినములు మండినది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున గెయిల్ వారి వాయుగొట్టము ప్రేలి 20 మందికి పైగా అసువులు బాసిరి. వెలుగు దూరపు పట్టణములకు, వేడి చెంతనున్న పల్లెలకు దక్కినది. క్రొత్త శక్తియందైనను ఈ యన్యాయము తిరుగబడరాదు.

కావున ప్రజలు కోరవలసినవి మూడు. అమ్మిన యింధనపు పొగను గూడ సంస్థ తన లెక్కలో వ్రాసి, దానిని తగ్గించుటకు గడువు నిర్ణయింపవలెను. డీజిలు పోయు పల్లెబంకులయందే బండ్లకు విద్యుత్తు నింపు వసతి కల్పింపవలెను. సౌరఫలకములకు భూమి నిచ్చు రైతును కూలివానిగా గాక భాగస్వామిగా చేర్చుకొనవలెను.

సురంగల్ రైతుబండి పొగ లేక, అదనపు ఖర్చు లేక నగరము చేరిననాడే ఆ ప్రతిజ్ఞ చెల్లినట్లు. అంతవఱకు అది కాగితముమీది శూన్యమే.