స్పీకర్‌గా బాలయోగి: అమలైన నియమం, అటకెక్కిన తీర్మానం

జి.ఎం.సి. బాలయోగి అనగానే మనవాళ్లకి రెండే గుర్తుకొస్తాయి. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోవడం, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదం. కోనసీమ నుంచి వెళ్లి 1998లో లోక్‌సభకి మొదటి దళిత స్పీకర్ అయిన మనిషి, ఆ సభ నడిచే తీరు మార్చాలని చేసిన ప్రయత్నం మన చర్చల్లోకి రానేలేదు.

2000లో ఆయన లోక్‌సభకి మొదటి ఎథిక్స్ కమిటీ వేశారు. అది శాశ్వత కమిటీ కావడానికి 2015 దాకా పట్టింది.

అసలు సంగతి 2001 నవంబర్ 25న ఢిల్లీలో జరిగిన సదస్సు. సభల్లో క్రమశిక్షణ గురించి స్పీకర్లను, ముఖ్యమంత్రులను, పార్టీల నాయకులను, విప్‌లను ఒకచోట కూర్చోబెట్టారు. అక్కడ చేసిన తీర్మానంలో గొడవలు ఆపాలన్నదే కాదు, సభ ఎక్కువ రోజులు కూర్చోవాలన్నదీ ఉంది: పార్లమెంటు ఏడాదికి కనీసం 110 రోజులు, పెద్ద రాష్ట్రాల శాసనసభలు 90, చిన్నవి 50.

పది రోజులు తిరక్కుండానే, డిసెంబర్ 5న, 374-ఎ నియమం వచ్చింది. అంతకుముందు సభ్యుణ్ని సస్పెండ్ చేయాలంటే స్పీకర్ పేరు చెప్పాక సభలో తీర్మానం పెట్టి నెగ్గించాలి. ఇప్పుడు వెల్‌లోకి దూకి పట్టుబట్టి సభను అడ్డుకున్నవాడి పేరు స్పీకర్ చదివితే చాలు, వరసగా ఐదు సమావేశాల పాటు సస్పెన్షన్. సెషన్ అంతకన్నా ముందే ముగిస్తే అప్పటిదాకా. 110 రోజులు మాత్రం నియమం కాలేదు.

తప్పు బాలయోగి గారిదని నేననడం లేదు. తీర్మానంలో రెండూ ఉన్నాయి. పాలకపక్షాలకి పనికొచ్చింది ఒకటే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేను. ఊళ్లో పంచాయితీ జరిగితే మా నాయన చివర్న నిలబడి కేకేసేవాడు, ఎందుకంటే ఆయన వంతు ఎవరూ పిలిచేవారు కాదు. సభలో మాట్లాడే సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు, ఎవరు మాట్లాడాలో పార్టీ చెబుతుంది. రిజర్వుడు సీటు నుంచి వచ్చిన వెనక బెంచీ సభ్యుడికి దక్కేది కొన్ని నిమిషాలు. రోజులు తగ్గితే ముందు పోయేది ఆ నిమిషాలే. బడ్జెట్ పద్దులు కూడా చాలావరకు చర్చ లేకుండా గిలెటిన్‌లో పోతాయి.

2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు రోజు సభలో పెప్పర్ స్ప్రే కొట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ సభ్యుల్ని బయటికి పంపింది ఈ 374-ఎ తోనే. స్పీకర్ మీరా కుమార్, ఆమె కూడా దళితురాలే. లోక్‌సభ మాత్రం 2001 తీర్మానం తర్వాత ఏ ఒక్క ఏడాదీ 110 రోజులు కూర్చోలేదు.