మళ్ళీ సైకిలెక్కాం

సైకిలంటే మాకు ఆఫీసుకు పోయే బండి మాత్రమే కాదని పాఠకుల్లో కొందరికి తెలుసు. 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో తొక్కే 'బ్రెవే'లు రెండు పూర్తి చేశాం. పోటీ కాదది, గడువులోగా గమ్యం చేరితే చాలు.

నిరుడు వానల్లో, లారీలు తిరిగే దారిలో, బొగ్గుపొడి కలిసిన బురద మీద జారిపడ్డాం. మెడ కింది యెముక విరిగింది. అది అతుక్కునేలోగా అమ్మ మంచం పట్టింది. సంక్రాంతికి ముందే వెళ్ళిపోయింది. సైకిలు ఆమె గదిలోనే గోడకానుకుని వుండిపోయింది. ఇక వేసవి సంగతి చెప్పాలా? 2019 మేలో 47 డిగ్రీలు దాటిన వూరు మన చంద్రపూర్.

ఈ శ్రావణంలో గది కడుగుతూ మా యింటావిడ, "తొక్కుతారా, అమ్మేద్దామా?" అంది. జవాబు చెప్పలేక టైర్లకు గాలి కొట్టాం.

మొదటి రోజు బంగాళీ క్యాంపు నుంచి మూల్ రోడ్డున లోహారా వైపు, రానూపోనూ 8 కిలోమీటర్లు. పాలక్యాన్ల కుర్రాడు ఈల వేసుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు! కోపం రాలేదనం. కాని బ్రెవేలు లేని యీ నెలల్లో తొక్కవలసింది మెల్లగానే, పక్కవారితో మాటాడగలిగినంత నెమ్మదిగా. గుండె, కండరాలు దమ్ము కూడగట్టుకునేది అప్పుడే. వేగం తరవాత. దూరం వారానికి కొంచెమే పెంచుతున్నాం. తెల్లవారకుండా మాత్రం బయల్దేరం. ఆ అడవిలో పులులున్నాయి, వాటికి మన గడువులు పట్టవు.

మొన్న ఆదివారం 30 కిలోమీటర్లు తొక్కి వచ్చాం. భుజం కొంచెం లాగింది. సైకిలు యెక్కడ పెట్టాలో తోచక కాసేపు వాకిట్లోనే నిలబడ్డాం. మా యింటావిడే వచ్చి అమ్మ గది తలుపు తీసింది.